మూడో బిడ్డకు ఒకటో పేరు

మూడో కాన్పులో పుట్టిన పిల్లకి ‘మొదటిది’ అని పేరు పెట్టాలంట. ఆ మాట చెప్పేదానికి శివప్రకాశం అనే ఆయన వేలూరులో అద్దాల తలుపు పెట్టుకొని, ఏసీ పెట్టుకొని, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు బంగారు రంగులో గోడకి అంటించుకొని కూర్చొని ఉండాడు. ఏకాంబరానికి ఆ గదిలో అడుగు పెట్టినప్పటినించీ ఒళ్ళు మండతా ఉంది. అంత చలిలో కూడా.

“ఆద్య,” అన్నాడు శివప్రకాశం అరవమూ తెలుగూ కలిపి. “ఆదిలో వచ్చింది, మొదటిది అని అర్థం. ఒకటి సూర్యుడి నంబరు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఇంకొక ‘ఏ’ చేర్చాల. అప్పుడు కూడితే సరిగ్గా ఒకటి వస్తాది.”

ఒక అక్షరం చేరిస్తే రాత మారేటట్టయితే తనుండే గుడియాత్తం మగ్గాల వీధిలో ఒక్కొక్కరి పేరూ లుంగీ అంత పొడుగు ఉండేది అనుకున్నాడు ఏకాంబరం.

పక్కన కూర్చున్న అల్లుడు ఉదయకుమార్‌కి అట్లాంటి అనుమానాలు లేవు. రాణిపేటలో చెప్పుల కంపెనీలో సూపర్‌వైజరు. నలభై మందిని అదిలించే మనిషి, ఇక్కడ చేతులు కట్టుకొని కూర్చున్నాడు. “అట్లయితే పాత లెక్క, సార్?” అని అడిగినాడు.

“తుడిచేసినట్టే. మీ ఇంటికి ఇదే మొదటి బిడ్డ. ముందరివి రెండూ రాలేదు, పోలేదు. అంతే.”

రాలేదు, పోలేదు. ఏకాంబరం తన చేతులు చూసుకున్నాడు. మొదటిదాన్ని పురుడు కడగక ముందే, రెండోదాన్ని అది కన్ను తెరవక ముందే, తువ్వాలలో చుట్టి గుడియాత్తం ఏటి గట్టుకి మోసుకొని పోయింది ఈ చేతులే. ఇద్దరూ ఆడపిల్లలే. ఇద్దరికీ పేరు లేదు. రానిదాన్ని ఎవరైనా మోస్తారా?

“సామీ, ఒక మాట. మూడోదానికి మూడో అంకె పేరే పెట్టండి. ఒకటి వద్దు, వేండాం.”

శివప్రకాశం నవ్వినాడు. “పెద్దాయన పేరేమి?”

“ఏకాంబరం.”

“చూసినారా! ఏకం. మీదే ఒకటో నంబరు. గుండ్రాయి మాదిరి ఉండారు. మీకేమి తక్కువయింది?”

ఏమి తక్కువయిందని చెప్తాడు? చెప్పులు వెతుక్కొని బయటికి వచ్చేసినాడు.

గుడియాత్తం బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. కూతురు వినోదిని పురిటికి పుట్టింట్లోనే ఉంది. శుక్రవారం పేరు పెట్టేది. ఉదయకుమార్‌కి తండ్రి లేడు గనక పిల్ల చెవిలో పేరు చెప్పాల్సింది ఏకాంబరమే. చెప్పడానికి ఆయన నోరు ఉండాల, పేరు మాత్రం వేలూరు నుంచి రావాల.

కాట్పాడి దాటినాక ఏకాంబరం అల్లుడివైపు తిరిగినాడు. “మాప్పిళై, నేను కూడా మూడోవాణ్ణే.”

ఉదయకుమార్ ఫోనులోంచి తల ఎత్తినాడు. “మీ అమ్మకి మీరు ఒక్కరే కదా మామా?”

“బతికింది ఒక్కణ్ణి. నాకు ముందర ఇద్దరు. పెద్దోడి పేరు ఏకాంబరం.”

“అది మీ పేరు కదా!”

“వాడిది. పాకే వయసులో జొరం వచ్చి పోయినాడు. రెండోవాడు పుడతానే పోయినాడు. నేను పుట్టినాక మా అవ్వ ఆ పెద్దోడి పేరే తీసి నాకు పెట్టింది. ఇంట్లో ఒక్కడే ఉంటే యముడు చెయ్యి పెట్టడంట. ఈ ఇంట్లో ఇప్పుడే మొదలయింది, ఇంకా ఉండనీ అని దాటుకొని పోతాడంట.”

“పోయినాడు కదా? మీరు బతికినారు కదా? నేను చెప్పేదీ అదే.”

“యముడు పోయినాడు. మా అన్న పోలేదు.”

ఈ మాట ఏకాంబరం భార్య కాంచనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అల్లుడికి చెప్పినాడు. బళ్ళో అయ్యవారు హాజరు పిలిచేటప్పుడు ‘ఏకాంబరం’ అంటే, తను నోరు తెరవక ముందే పక్కనించి ‘ఉళ్ళేన్ అయ్యా’ అని వినపడేది. తన గొంతే, కానీ తన నోట్లోంచి వచ్చింది కాదు. ఆ వెనకనే తను కూడా ‘ఉళ్ళేన్’ అంటే, రెండుసార్లు అంటావా ఎకసెక్కాల నాయాలా అని అయ్యవారు బెత్తం తీసినాడు. మర్నాడు తను గమ్మున ఉండిపోయినాడు. అయ్యవారు తల ఎత్తకుండానే గీత గీసుకొని తరవాతి పేరుకి పోయినాడు. తను లేకపోయినా జరిగిపోతాదని ఆ పొద్దు తెలిసింది. మూడో క్లాసు. ఇంక బడి మొహం చూడలేదు.

బడి మాని మగ్గం దగ్గిర కూర్చున్నా అంతే. గుంతలో కాళ్ళు పెట్టి తొక్కుతా తొక్కుతా నిలిపేస్తే, తను నిలిపినాక ఇంకొక్క తొక్కు వినపడేది. పెళ్ళయినాక కాంచన ఒక్కోసారి, ‘ఇప్పుడే కదయ్యా తిని చెయ్యి కడుక్కొని పోయినావు’ అని కంచం పెట్టకుండా తిరుక్కొని పోయేది. వాడు తిన్నాడని తను పస్తు. ఏడవాల్నో నవ్వాల్నో తెలిసేది కాదు.

“యాబై నాలుగు ఏండ్లుగా వాడి పేరులో బాడుగకి ఉండాను, మాప్పిళై. ఎవరు పిలిచినా ముందర వాడు తిరుగుతాడు. ఆ పిల్లకి అది వేండాం.”

ఉదయకుమార్ నవ్వు ఆపుకోవాలని చూసినాడు, ఆగలేదు. “మామా, చేతిమగ్గం వదిలినాక పవర్‌లూము షెడ్డులో ఇన్ని ఏండ్లు పనిచేసినారు. మీకు చెవులు పోయినాయి. చూపించుకుందాము, మంచి డాక్టరు ఉండాడు.”

ఏకాంబరం మొహం పక్కకి తిప్పుకున్నాడు. చెప్పకుండా ఉండాల్సింది.

అల్లుడే మళ్ళీ మాట్లాడినాడు. ఈసారి నవ్వు లేదు. “మామా, మూడోసారి ఆ ఏటి గట్టుకి నేను రాలేను. నా వల్ల కాదు. ఒకటి పెడితే బతుకుతాది అంటే ఒకటే పెడతాను. ఎవరు పక్కన నిలబడినా సరే, నా బిడ్డ నిలబడాల.”

లత్తేరిలో బస్సు ఆగింది. ఒకామె పూలబుట్ట ఎక్కించుకుంది. ఇద్దరూ చెరొక పక్కకి చూస్తా కూర్చున్నారు.

శుక్రవారం పొద్దున కాంచన తన పాత పెళ్ళిచీర దూలానికి కట్టి ఉయ్యాల వేసింది. ఇల్లు చిన్నది, వచ్చినవాళ్ళు కూడా కొంతమందే. ఎదురింటి ఆరోకియమేరి పాట అందుకుంది. ఆమె గొంతు పెద్దది, నోరు అంతకన్నా పెద్దది.

“ఏమప్పా ఏకాంబరం, పిల్ల చెవిలో పేరు చెప్పమంటే, ఉరిశిక్ష చదివేవాడి మాదిరి మొహం పెట్టినావే!”

అందరూ నవ్వినారు. వినోదిని నవ్వలేదు. చాప మీద గోడకి ఆనుకొని కూర్చొని ఉంది.

కాంచన పాపని తెచ్చి ఏకాంబరం చేతుల్లో పెట్టింది. ఉదయకుమార్ పక్కకి వచ్చి, చంటిబిడ్డకి చెప్పినట్టు మామకి చెప్పినాడు. “ఆద్య. మూడుసార్లు. మెల్లిగా చెప్పినా చాలు.”

పాప చెవి చుట్టుకొని, సన్నగా, ఇంకా విచ్చుకోని ఆకు మాదిరి ఉంది. ఏకాంబరం వంగినాడు. “ఆ…” అన్నాడు. పాప కండ్లు తెరిచింది. ఆయన్ని చూడలేదు. ఆయన భుజం పక్కన, ఎవరూ లేని చోటు చూసింది. చూసి, జాగా ఇచ్చేదాని మాదిరి కొంచెం ముడుచుకుంది.

“నేను చెప్పను.”

“మామా!”

“చెప్పను మాప్పిళై. ఈ పిల్ల మొదటిది కాదు. మొదటిదీ అని పిలిస్తే, మొదటిదే వస్తాది. అది వచ్చి కూర్చుంటే దీనికి ఇంక చోటు యాడ ఉండాది?”

“ఏమయ్యా, నలుగురిలో ఏంది ఇది!” కాంచన చెయ్యి పట్టుకుంది. ఆరోకియమేరి పాట ఆపేసింది.

ఉదయకుమార్ మొహం ఎర్రబడింది. రెండు చేతులూ చాచినాడు. “ఇట్ల ఇయ్యండి. నా బిడ్డకి నేను చెప్పుకుంటాను.”

“కొంచెం ఉండండి,” అంది వినోదిని.

అందరూ ఆమెవైపు తిరిగినారు.

“నాయన చెప్పేది నిజమో అబద్ధమో నాకు తెలీదు. పాప కడుపునిండా తాగి నిద్రపోతా ఉంటాది. అప్పుడు నాకు పాలు దిగతాయి. రవిక తడిసిపోతాది. ఎవరో ఆకలేసి వచ్చి పక్కన నిలబడినట్టే ఉంటాది.” ఆమె మొగుడి మొహంలోకి చూసింది. “వాళ్ళు రాలేదు, పోలేదు అని ఆ వేలూరాయన చెప్పినాడంట కదా. మరి నా దగ్గిరికి వచ్చేది ఎవరు?”

ఉదయకుమార్ చాచిన చేతులు అట్లే ఉండిపోయినాయి.

వినోదిని దిండు కిందనించి రెండు గుడ్డలు తీసింది. పాపకి కప్పడానికి నాయన నేసి ఇచ్చిన మెత్తటి నూలు గుడ్డలే. ఒక్కొక్కటీ మడిచి, బిడ్డని పడుకోబెట్టినట్టు, తనకి ఆ పక్క ఒకటి ఈ పక్క ఒకటి పెట్టింది.

“ముందర వీళ్ళకి చెప్పు, నాయనా. వరసగా చెప్పు.”

ఏకాంబరం పాపని కాంచనకి ఇచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన చేతుల మీదనే ఏటి గట్టుకి పోయిన పిల్లలు. మోసేటప్పుడు కూడా ఏమని పిలవాల్నో తెలీక గమ్మున మోసినాడు. మొదటి గుడ్డ మీదికి వంగినాడు.

“ఏకవల్లి. ఒకే ఒక తీగవి. ఆ అంకె నీదే తల్లీ, ఎవురూ తీసుకోరు.”

మూడుసార్లు చెప్పినాడు. గుడ్డలోనించి పాలవాసన వచ్చింది. ఉతికి ఆరేసిన గుడ్డ అది.

రెండోదాని దగ్గిరికి జరిగినాడు. కన్ను తెరవకుండానే పోయిన పిల్ల. అమావాస్య పోయిన విదియ నాడు నెలవంక సన్నగా కనపడి, పిలిచి ఇంకొకరికి చూపించే లోపలే దిగిపోతాది. “విదియ,” అన్నాడు. “నువ్వు వచ్చినావు. నేను చూసినాను.” రెండోసారి చెప్పేటప్పుడు చెంపకి వెచ్చటి గాలి తగిలింది. చిన్న ముక్కులోంచి వచ్చేటంత గాలి. ఆయన తల ఎత్తలేదు. మూడోసారి కూడా చెప్పి, అప్పుడు ఎత్తినాడు.

కాంచన పాపని మళ్ళీ ఆయన చేతుల్లో పెట్టింది.

“మరి దీనికి?” అన్నాడు ఉదయకుమార్.

“త్రివేణి.”

“అంటే?”

“మూడు ఏర్లు కలిసే చోటు. అందులో కంటికి కనపడని ఏరు కూడా ఉంటాదంట. కనపడదని ఎవురూ లెక్కలోంచి తీసేయరు.”

ఉదయకుమార్ జేబులోంచి ఫోను తీసినాడు, అక్షరాలు కూడేదానికి. కూడకుండానే లోపల పెట్టుకున్నాడు.

ఏకాంబరం పాప చెవిలో పేరు చెప్పినాడు. ఈసారి నోరు ఎక్కడా తడబడలేదు. చెప్తా ఉంటే ఒక మాట మాత్రం పొడిచింది. అన్న పేరుని అన్నకే వదిలిపెట్టమని తను పుట్టినప్పుడు చెప్పినవాళ్ళు లేరు. తనకి ఆ పేరు పెట్టిన పెద్దలందరూ పోయినారు. ఇప్పుడు తను వదిలిపెడదామన్నా, ఈ వయసులో తనకి ఇంకొక పేరు ఎవరు పెడతారు?

వినోదిని లేచి పాపని ఉయ్యాలలో పడుకోబెట్టింది. రెండు గుడ్డలనీ విప్పకుండా, మడత చెదరకుండా తెచ్చి, పాపకి ఆ పక్క ఒకటి ఈ పక్క ఒకటి పెట్టింది.

“తండ్రి చెయ్యి పడాల. ఊపండి మాప్పిళై,” అంది కాంచన.

ఉదయకుమార్ ఒక చేత్తో మెల్లిగా తోసినాడు. ఉయ్యాల కదల్లేదు. ఎక్కడైనా తగులుకుందేమోనని కింద చూసినాడు, పైన దూలం వైపు చూసినాడు. చీర బిగదీసినట్టు నిలువుగా సాగి ఉంది. ఎవరివైపూ చూడకుండా రెండో చెయ్యి కూడా వేసినాడు. కాలు గట్టిగా ఊని తోస్తే, అప్పుడు మెల్లిగా ఊగింది.