హేరోదుకు గద్వాల అంచు

ఏసురత్నం తాపీ మేస్త్రీ. గోపాల్‌పేట చుట్టుపక్కల ఎవరికి గోడ లేపాలన్నా, గచ్చు చేయాలన్నా అతన్నే పిలుస్తారు. చేతులు గోడ మీద ఉన్నా మనసు మాత్రం డిసెంబరు మీదే ఉండేది. క్రిస్మస్ ముందు రోజు పొద్దుగూకినాక చర్చి ముందర నాటకం ఆడతారు. ఆ నాటకానికి రోమా సైనికులను తయారుచేసేది ఏసురత్నమే. ఎవరూ నేర్పలేదు, నిజం చెప్పాలంటే మొదట్లో ఎవరూ అడగనూ లేదు.

నూనె డబ్బాలు కోసి, సుత్తితో సాపు చేసి, బైండింగ్ తీగతో కట్టి ఛాతీ కవచాలు చేసేవాడు. గేట్లకు పూసే వెండి రంగును గోనెసంచులకు పూసి ఇనుప చొక్కాలనేవాడు. టోపీల మీద కుచ్చుల కోసం చీపురు పుల్లలకు ఎర్రరంగు వేసేవాడు. నమూనాకు ఉన్నదల్లా చర్చిలోని పాత క్యాలెండరు బొమ్మ ఒక్కటే. అందులో సైనికులు ముందు నుంచే కనపడతారు, వెనక ఏముంటుందో ఆ బొమ్మ వేసినవాడికే తెలియాలి. అందుకని ఏసురత్నం వెనక ఏమీ చేసేవాడు కాదు. స్టేజీ మీద వీపు తిప్పొద్దని సైనికులకు గట్టిగా చెప్పేవాడు. రోమా సామ్రాజ్యమంతా ఆ ఊళ్లో ఎండ్రకాయల్లా అడ్డంగా నడిచేది. ఎవరైనా నవ్వితే ఏసురత్నం దగ్గర ఒకటే జవాబు.

"దూరంకెల్లి సూస్తె సాలు."

2006లో అతని కన్ను హేరోదు రాజు మీద పడింది. పేరు దశరథం, వేషం హేరోదు. ఇలాంటి చోద్యాలు మా వైపు మామూలే. దశరథానికి ఆటో ఉంది, మీసం ఉంది, మైకు అక్కర్లేని గొంతు ఉంది. లేనిదల్లా రాజు బట్ట. ఏటా దుప్పటి కప్పుకొని, పుట్టిన యేసు దొరకలేదని చంటిపిల్లలను చంపమని ఆజ్ఞ ఇస్తుంటే, జ్వరమొచ్చినోడు కసురుకున్నట్టు ఉందని జనం నవ్వుతున్నారట. ఈసారి మంచి అంగీ చేయకపోతే వేషమే కట్టనని తేల్చేశాడు.

ఏసురత్నం దుప్పటికి ముదురు ఎరుపు రంగు వేయించి, పొడుగు అంగీ కుట్టాడు. దానికి బంగారు అంచు కావాలి. వనపర్తి బజారులో కొన్న లేసు ట్యూబులైటు కింద పెడితే బడిపిల్లల డ్యాన్సు గౌనులా మెరిసింది. బంగారు కాగితం అంటిస్తే మడత దగ్గర ఊడిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది తల్లి పెట్టెలోని చీర.

తల్లి దేవమ్మ ఏళ్ల తరబడి వానాకాలమంతా గద్వాల వైపు పోయి పత్తి విత్తనాల చేలలో పువ్వుకు పువ్వును క్రాసింగు చేసి వచ్చిన మనిషి. కండ్లకు పొర కమ్మి ఇక పోలేనని తెలిసిన ఏడాది, ఆఖరి కూలితో ఒక మగ్గం ఇంట్లో చీర కొనుక్కుంది. చిలకపచ్చ నూలు చీర, ఎర్ర పట్టు అంచు, దాని నిండా జరీ. ఒక్కనాడూ కట్టలేదు. తనను శవపెట్టెలో పెట్టేనాడు కట్టమని కొడుకుతో, కోడలు సత్యమ్మతో చెప్పి పెట్టింది. చర్చిలో రొట్టె, ద్రాక్షరసంతో ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం మాత్రం, నెలకోసారి, బయటికి తీసి ఒళ్లో పెట్టుకొని అంచు పొడుగూతా వేళ్లతో తడిమి మళ్లీ మడిచేది. చూపు పోయాక ఆమె చీరను చూసేది అట్లాగే.

ఏసురత్నం లెక్క సులువుగానే ఉంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు అని ఆ తావులో ఎవరినడిగినా చెబుతారు. రెండూ వేరు వేరు బట్టలైతే నడుమ ఎక్కడో కుట్టు ఉండాలి గదా, ఇటుకకూ ఇటుకకూ మధ్య సిమెంటు ఉన్నట్టు. కుట్టు విప్పి అంచు తీసి, నాటకం అయ్యాక దర్జీతో మళ్లీ కుట్టిస్తే సరి. వచ్చే ప్రభువు బల్ల నాటికి చీర పెట్టెలో ఉంటుంది. అవ్వకు తెలియనే తెలియదు.

సత్యమ్మ కూలికి పోయింది. దేవమ్మ పక్కింటి అరుగు మీద ఎండకు కూచుంది. ఏసురత్నం చీర తీసి, అంచు కలిసే చోట బ్లేడు పెట్టాడు. కుట్టు దొరకలేదు. ఉంటే గదా దొరకడానికి. మగ్గం మీదే నూలు పోగును పట్టుపోగులో మెలేసి, రెండింటినీ కలిపి నేస్తారు. బ్లేడు తగిలిన కొద్దీ అటు నూలు, ఇటు పట్టు పీచుపీచుగా లేచాయి. జానెడు పోయాక అతనికి విషయం అర్థమైంది.

అక్కడ ఆగి ఉండవచ్చు. జానెడు చిరుగును తల్లి కాళ్ల మీద పడి ఒప్పుకోవచ్చు. కానీ ఆ జానెడు అంచును అంగీ మెడ దగ్గర పెట్టి చూశాడు. అచ్చం రాజే. మునిగినవాడికి చలేమిటనుకున్నాడు. ఆ కొస నుంచి ఈ కొస దాకా కోసి, కోసిన వైపు లోపలికి పోయేలా మడిచి, చీరను పెట్టెలో పెట్టేశాడు.

తర్వాతి వారం ఏసురత్నం ఎంత సంతోషంగా ఉన్నాడో చెబితే పాపం. మెడకు, చేతులకు, కింది చుట్టుకు అంచు కుట్టుకుంటూ అన్నం కూడా మరిచిపోయాడు. తప్పు చేసినవాడికి నిద్ర పట్టదంటారు. అతనికి బాగానే పట్టింది. ఆ సంగతే తర్వాత అతన్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

నాటకం నాడు దశరథం స్టేజీ ఎక్కగానే జనం నవ్వలేదు. అంగీ కిందిచుట్టు ట్యూబులైట్ల వెలుగులో తళుక్కుమన్నది. రెండేళ్లలోపు మగపిల్లలను చంపండని అతను అరిస్తే ముందు వరుసలో ఓ పసివాడు నిజంగానే ఏడ్చాడు. నాటకం అయ్యాక పాస్టరు మైకులో ఏసురత్నం పేరు చెప్పి, అంచు ఎక్కడ సంపాదించాడో గాని నిజం రాజు బట్టలా ఉందన్నాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఏసురత్నం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

దేవమ్మ చాప మీద కూచొని అంతా వింటోంది. దశరథాన్ని దగ్గరికి పిలిచి, రాజు బట్ట ఎట్లుందో తననూ జర చూడనియ్యమంది. దశరథం నవ్వుతూ వంగాడు. ఆమె వేళ్లు అంగీ చేతి అంచు మీద మెల్లగా నడిచాయి. జరీ పువ్వులు దాటాయి, మడత కింద పీచు లేచిన చోటికి పోయాయి, అక్కడ ఆగాయి. ఏసురత్నం నాలుగడుగుల దూరంలో టోపీ పట్టుకొని ఉన్నాడు. అతనికి భూమి చీలితే బాగుండుననిపించింది.

"మంచిగున్నది బిడ్డా," అని దశరథాన్ని పంపించేసింది దేవమ్మ.

పండుగనాడు దేవమ్మ ఎప్పటిలాగే పెట్టింది తిన్నది, వచ్చినవాళ్లను దీవించింది. తిట్టినా బాగుండేది. ఏసురత్నం మర్నాడు పొద్దున ఆమె మంచం దగ్గర నేల మీద కూలబడి, అవ్వా, ఆ చీర, అన్నాడు.

"తెల్సు," అంది ఆమె. "అడిగితె ఇయ్యకపోదునారా? తూర్పుదిక్కు జ్ఞానులు ముగ్గురుండిరి. బాలునికి మొక్కనీకె వొచ్చినోళ్లు. వాళ్లకు కడితె నేనేమందును? సంటిపిల్లల్ని సంపినోనికి కట్టినవ్. దేవుని తాన నిలవడనీకె పెట్టుకున్న చీర గది."

అతను వేషాన్నే చూశాడు గాని, అది ఎవరి వేషమో ఒక్కసారి కూడా తలవలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడ్చాడు. దేవమ్మ అతని తల మీద చెయ్యి పెట్టలేదు, లేచి పొమ్మనీ అనలేదు. చెయ్యి మంచం పట్టె మీదే ఉంచుకుంది.

అంగీ నుంచి అంచు విప్పి, చీరతో పాటు వనపర్తికి తీసుకుపోయాడు. ఇది మిషను మీద అయ్యే పని కాదని దర్జీ చీర వెనక్కిచ్చాడు. గద్వాలకు పోతే మగ్గం ఆయన చూసి, ఇట్ల నేసిందాన్ని మళ్లీ కలపలేమన్నాడు. ఇక ఏసురత్నమే సూదీ దారం పట్టుకున్నాడు. గోనెసంచులు కుట్టిన చెయ్యి. మూతి బిగించి, ఒక్కో పోగు లోపలికి మలిచి కుట్టాడు. గోడ సందుల్లో సిమెంటు కూరి దర్జు నింపినట్టే వచ్చింది.

ప్రభువు బల్ల ఆదివారం చీర తెచ్చి తల్లి ఒళ్లో పెట్టాడు. ఆమె వేళ్లు కుట్టు వెంట పోయాయి. ఉబ్బిన చోట, ముడి పడిన చోట ఆగుతూ, కొస దాకా. అతను ఇప్పుడైనా కసురుకుంటుందేమోనని చూశాడు.

దేవమ్మ చీర మడిచింది. "పోనీ తియ్యిరా," అంది. "మట్టిల పెట్టేనాడు ఎవరు దగ్గరికొచ్చి సూస్తరు. దూరంకెల్లి సూస్తె సాలు."

ఆమె వెక్కిరించలేదు. అతను ఏటా అనే మాటనే, అతన్ని ఓదార్చడానికే అంది. ఏసురత్నం చీర మళ్లీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర వెలుతురులో కూచొని, మళ్లీ సన్నగా కుట్టడానికి కుట్టినదంతా విప్పడం మొదలుపెట్టాడు.