పేరు అంటించని ట్యూబ్

1986లో న్యూజెర్సీలోని మా ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల రక్తం తీసే పని ఇంటర్న్‌లదే. నేను కింద ల్యాబ్‌లో పరీక్షలు చేసేవాణ్ణి. మా అమ్మాయి ప్రేమజ్యోతి అక్కడే ఇంటర్న్.

ఒక తెల్లవారుజామున పేరు అంటించని ట్యూబ్ వచ్చింది. రూలు ప్రకారం పారేసి, వార్డుకి ఫోన్ చేశాను. ఎత్తింది మా అమ్మాయే.

"నాన్నా, అది నేను తీసిందే. నాలుగో బెడ్ ఆవిడది. ఐ యామ్ ష్యూర్."

"నువ్వు ష్యూరే తల్లీ. ట్యూబ్ చెప్పదుగా."

సరేనని ఫోన్ పెట్టేసింది. తర్వాత ఆవిడకు మళ్ళీ సూది గుచ్చడానికి వెళ్ళింది. అప్పటికి మా అమ్మాయి నిద్రపోయి ఇరవై తొమ్మిది గంటలు.

ఆ వారమే డాక్టర్లకీ నర్సులకీ ల్యాబ్ వాళ్ళకీ కలిపి మీటింగు పెట్టారు. రక్తం తీసే పని ల్యాబ్‌కి ఇస్తే రాత్రిపూట ఓ రెండు గంటలైనా పడుకోవచ్చని ఇంటర్న్‌ల కోరిక. పెద్ద సర్జన్ కాలిన్స్ ఒప్పుకోలేదు.

"మా రోజుల్లో అన్నీ మేమే చేశాం. ఏ తప్పూ జరగలేదు," అన్నాడు.

వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచాలో తేల్చేది ఆయనే. అందుకని ఇంటర్న్‌లందరూ బల్లకేసి చూస్తూ కూర్చున్నారు.

ప్రేమజ్యోతి లేచింది.

"ఇప్పుడు జరిగింది డాక్టర్. మంగళవారం పేరు లేని ట్యూబ్ పంపింది నేనే. ల్యాబ్ వాళ్ళు పారేయకపోతే ఒకరి రక్తం ఇంకొకరి పేరున పడినా పడేది."

వెనక వరసలో నేను సగం లేచి మళ్ళీ కూర్చున్నాను. పక్కన కూర్చున్న నర్సు లూసీ తెనాలి మనిషి. "గట్టి పిల్లే అంకుల్. ఉద్యోగం ఊడితే మా ఇంట్లో వంటకి పెట్టుకుంటాలెండి," అంటూ నా చేతిలో ఒక పిప్పరమెంటు బిళ్ళ పెట్టింది.

"పారేసిందెవరు?" అన్నాడు కాలిన్స్.

"నేనే. ఈ అమ్మాయి తండ్రిని."

"సొంత కూతురి ట్యూబ్ పారేశావా?"

"పేరుంటే పారేసేవాణ్ణి కాదండీ."

ముందు నర్సులు నవ్వారు, తర్వాత ఆయనా నవ్వాడు.

"మూడు నెలలు చూద్దాం. రాత్రి పదకొండు దాటితే రక్తం పని ల్యాబ్‌ది. నువ్వే మొదలుపెట్టు," అన్నాడు నాతో. మా అమ్మాయివైపు తిరిగి, "వచ్చే ఏడాది లిస్టులో నీ పేరు అలాగే ఉంటుంది డాక్టర్. కూర్చో," అన్నాడు.

సోమవారం రాత్రి ట్రే పట్టుకుని వార్డుకి వెళ్ళాను. ఇంటర్న్‌ల గదిలో మా అమ్మాయి బూట్లతోనే నిద్రపోయింది. వాళ్ళమ్మ బతికుంటే విప్పేది. నేను విప్పితే మెలకువ వస్తుందని ఊరుకున్నాను.

"లేపనా అంకుల్?" అంది లూసీ.

"ఎందుకమ్మా, పని నాది," అని మొదటి మంచం దగ్గరికి నడిచాను.