తేనెటీగలకు పంపిన సున్నుండలు

మా పెళ్ళయి మూడు నెలలు. పిస్కాటవేలో కిటికీ దగ్గర నిలబడి, మంచు పడటం చూస్తూ కాఫీ తాగితే చాలు, నాకు ఆ రోజంతా పండగే. ఒక్కటే బాధ. మావారు ఉదయ్ అమెరికా రాకముందు రెండేళ్ళు ఇంగ్లండులో ఎల్డర్‌కోంబ్ అనే పల్లెలో డాక్టరుగా పనిచేశారు. నోరు తెరిస్తే ఆ ఊరే.

అక్కడి చర్చి కట్టి ఎనిమిది వందల ఏళ్ళయిందట. గంట తాడు ఎవరు లాగాలన్న తగాదాతో రెండు కుటుంబాలు మూడు తరాలుగా మాట్లాడుకోవట. అయినా వరదొచ్చిన ఏడాది ఒకరి గొర్రెల్ని ఒకరు మేడమీద దాచారట. తెనాలిలో పుట్టిన మనిషి ఆ పల్లెని "మా ఊరు" అంటారు. మేముండే చోటుని మాత్రం "అపార్ట్‌మెంట్" అంటారు.

ఒక ఆదివారం నేను చేసిన సున్నుండల్లో గుండ్రంగా కుదిరిన నాలుగింటిని ఏరి డబ్బాలో పెడుతున్నారు.

"ఎవరికండీ?"

"ఐరిస్‌కి పార్శిల్ చేద్దామని."

"ఐరిస్ ఎవరు?"

"ఎల్డర్‌కోంబ్‌లో నేను రెంట్‌కి ఉన్న ఇంటావిడ. చెప్పాను కదా."

"ఇంటావిడ అన్నారు. పేరు ఇంత బాగుంటుందని చెప్పలేదు."

"ఆవిడకి సెవెంటీ దాటాయి రేణూ."

"వయసు నేనడిగానా?"

అడగబోయింది అదే.

ఆయన నవ్వు ఆపుకుంటూ చెప్పారు. "తినేది ఆవిడ కాదు, ఆవిడ పెరట్లో పెట్టెల్లో పెంచే తేనెటీగలు. ఇంట్లో పెళ్ళైనా చావైనా పెట్టెల దగ్గరికెళ్ళి వాటికి చెప్పాలి. పెళ్ళైతే కేకు ముక్క పెట్టాలి. లేకపోతే అలిగి వెళ్ళిపోతాయని అక్కడి నమ్మకం. మన పెళ్ళిలో కేకు లేదుగా."

"మీ పెళ్ళి ఆ ఇంటి పెళ్ళెలా అవుతుంది?"

"ఐరిస్ అలాగే అనుకుంటుంది."

ఇన్నాళ్ళూ ఊరిమీదే కుళ్ళుకున్నాను. ఆ రోజు నుంచి ఈగలమీద కూడా. డబ్బాకి టేపు నేనే వేశాను, కావాలని వదులుగా.

కొన్ని వారాల తర్వాత ఐరిస్ ఫోన్ చేసింది. ఉదయ్ రిసీవరు నాకిచ్చారు. సున్నుండలు పొడిపొడిగా చేరాయట. ఆ పొడినే పెట్టెల ముందు చల్లిందట. కానీ పెళ్ళికూతురి పేరు ఎలా పలకాలో తెలియక వాటికి ఇంకా చెప్పలేదట. తప్పు పేరు చెబితే నమ్మవట.

"రేణు," అన్నాను. ఆవిడ పలికింది. తప్పు. మళ్ళీ చెప్పాను. ఎనిమిది వందల ఏళ్ళ చర్చి ఉన్న ఊళ్ళో ఒక ముసలావిడ నా పేరు నేర్చుకుంటుంటే, వదులుగా వేసిన టేపు గుర్తొచ్చి సిగ్గేసింది.

మొన్న మా స్నేహితురాలు శశికళ భోజనానికొచ్చినప్పుడు, ఉదయ్ గంట తాడు కథ మొదలుపెట్టారు. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తెగ వింటోంది.

"మీరుండండి, నేను చెప్తాను," అన్నాను. "మా ఊళ్ళో ఏమైందంటే..."