సగం జంపఖానా

నేను ఒక జంపఖానాలో సగాన్ని. మిగతా సగం పక్క బజారులో యాదగిరి గారింట్లో ఉండేది.

పుట్టడం మాత్రం మేము ఒక్కటిగానే పుట్టాం. వరంగల్ మగ్గం మీద, ఎరుపు నీలం చారలతో, నిండు పేరంటం కూర్చునేంత పొడవుగా నేశారు. అనసూయమ్మ గారిని ఖమ్మం కాపురానికి పంపుతూ పుట్టింటివాళ్లు నన్నూ చుట్టి వెంట పంపారు. సత్యనారాయణ వ్రతమైనా, శనివారం భజనైనా అందరూ నా మీదే. కథ వినడానికి వచ్చినవాళ్లను మీరెవరి తాలూకు అని ఎవరూ అడిగేవారు కాదు. ప్రసాదం పలుకులు నా మీద రాలితే చీమలకు కూడా పండగే.

ఆమె భర్త చిదంబరరావు గారికి గ్రామఫోను పిచ్చి. ఆయన స్నేహితుడు యాదగిరి గారికి పాత గోడగడియారాల పిచ్చి. ఇద్దరూ కలిసి పాత వస్తువుల సంఘం పెట్టి, ఆదివారం సమావేశాలకు నన్ను తీసుకుపోయారు.

ఒక ఆదివారం చిదంబరరావు గారు తనకెంతో ఇష్టమైన రికార్డు వేశారు. పాట చరణంలోకి వచ్చేసరికి గోడకున్న యాదగిరి గారి గడియారాలు పన్నెండు కొట్టడం మొదలుపెట్టాయి, ఒకదాని తర్వాత ఒకటి.

"పాట అయ్యేదాకా వాటి నోరు మూయించలేవా?" అన్నారు చిదంబరరావు గారు.

"టైమైతే కొడతాయి బావా. నీ పాట కోసం ఆగుతాయా?"

"అన్నీ ఒక్కసారి కొట్టిందెప్పుడు? అసలు టైమెంతో వాటికే తెలియదు."

ఆ మాట యాదగిరి గారికి గట్టిగా తగిలింది. వారం తిరక్కుండా సంఘం రెండయింది, గ్రామఫోనుదొకటి, గడియారాలదొకటి. బెంచీలు, బీరువాలు పంచుకున్నారు. చివరికి నేను మిగిలాను. ఇద్దరు పెద్దమనుషులు చెరో కొసా పట్టుకుంటే కత్తెర నా నడుం మీదుగా నడిచింది. పాత వస్తువులను కాపాడతామని పెట్టిన సంఘమండీ అది.

మళ్లీ ఒక్కటవుతామా అన్న ధ్యాసతోనే నాకు ఏళ్లు గడిచాయి. గ్రామఫోను సంఘంలో మిగిలిన నలుగురికీ సగం జంపఖానా కూడా ఎక్కువయింది. దానికితోడు గ్రామఫోను స్ప్రింగు మొరాయించి, పాట మధ్యలో సాగిపోయి మూలగడం మొదలుపెట్టింది. ఊళ్లో స్ప్రింగు పని తెలిసింది యాదగిరి గారికే.

"అన్నయ్యగారిని పిలవరాదూ," అనేవారు అనసూయమ్మ గారు.

"పిలిస్తే సంఘాలు కలిపేద్దామంటాడు. ఇన్నేళ్లు నిలబెట్టిన పేరు పోతుంది."

"పాట పోయాక పేరు పెట్టుకుని ఏం వింటారు?"

ఆయన తువ్వాలుతో గ్రామఫోను తుడుస్తూ కూర్చున్నారు.

కార్తీకంలో ఆమె వ్రతం పెట్టుకుని, జంపఖానా చాలడం లేదని యాదగిరి గారికి కబురు పంపారు. ఆయన మిగతా సగాన్ని తానే భుజాన వేసుకొచ్చారు. మమ్మల్ని పక్కపక్కన పరిచారు. ఆ సగం నీళ్ల మొహం చూసినట్టు లేదు. నేనేమో ఉతికి ఉతికి కుంచించుకుపోయాను. అయినా వ్రతకథ మొత్తం ఒకరి అంచు ఒకరికి తాకుతూ విన్నాం.

ప్రసాదం తిని చెయ్యి కడుక్కున్నాక యాదగిరి గారు ఎవరూ అడక్కుండానే గ్రామఫోను విప్పారు. స్ప్రింగుకు గట్టిపడిన పాత గ్రీజు కడిగి, కొత్తది రాసి బిగించారు. అదే రికార్డు వేశారు. చరణంలోకి వచ్చేసరికి, యాదగిరి గారు ఎప్పుడో బహుమతిగా ఇచ్చిన గోడగడియారం ఆరు కొట్టడం మొదలుపెట్టింది.

చిదంబరరావు గారు మెల్లగా ముల్లు పైకెత్తారు. గంటలు పూర్తయ్యేదాకా ఆగి, మళ్లీ దించారు.

"నాలుగు నిమిషాలు లేటు కొట్టింది బావా," అని యాదగిరి గారే ఒప్పుకున్నారు.

సంఘాలు కలిశాయి. పేరు మీద వాదన మాత్రం ఇంకా నడుస్తోంది. ఆ వాదన వినడానికే కొందరు కొత్తగా చేరారు. దేవుడి కథకు అక్కర్లేని పేరు పాటకూ గడియారానికీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అనసూయమ్మ గారు దబ్బనం తీసుకుని మమ్మల్ని కలిపి కుట్టారు. చిదంబరరావు గారు వంగి చూశారు.

"చారలు కలవలేదే."

"మీరిద్దరూ కూర్చుంటే కనబడవు లెండి."

ఆదివారం ఆ ఇద్దరూ సరిగ్గా కుట్టు మీదే కూర్చుంటారు.