కిటికీ గాజు మీది నలుపు

రోజూ పొద్దున్నే భర్త కళ్లద్దాలు తుడిచివ్వడం ఆమె పని. ఆయన వాటిని పెట్టుకుని, ఆమెను తేరిపార చూసి, నవ్వుతూ ఒక్క మాట అంటాడు. "ఈ రంగు నీకు నప్పలేదోయ్." "నలుగురిలో నువ్వు నోరు విప్పకపోతేనే బాగుంటుంది." గొంతు పెంచిన పాపాన పోలేదు మహానుభావుడు! అత్తగారైతే అరిచేది. ఆ మంట సాయంత్రానికి చల్లారేది, పక్కింటికీ తెలిసేది. ఈయన మాటకు ఆనవాలే ఉండదు. "బంగారంలాంటి మొగుడు, నీకేం తక్కువే?" అంటుంది తోడికోడలు. ఏం తక్కువో ఆమెకూ చెప్పడం చేతనయ్యేది కాదు.

లేజర్ ల్యాబులో ఆమె టెక్నీషియన్. గాలి తీసేసిన ఉక్కుడబ్బాలో లోహపు బిళ్లను పెట్టి, కంటికి కనబడని అతినీలలోహిత కాంతితో కొడతారు. పొడవాటి తరంగాల లేజరైతే బిళ్ల కాగి, కరిగి, అంచులు ఉబ్బుతాయి. ఈ పొట్టి తరంగాల కాంతి అలా కాదు. పైపైనే ఆగి, పల్చటి పొరను క్షణంలో ప్లాస్మా చేసేస్తుంది. ఎలక్ట్రాన్లు ఊడిపోయిన పరమాణువులు ఊదారంగు మంటలా ఎగుస్తాయి. లోపలి లోహానికి కబురు కూడా అందదు. తర్వాత తీసి ముట్టుకుంటే బిళ్ల చల్లగానే ఉంటుంది, గుంట మాత్రం పడి ఉంటుంది.

ఆ రోజు హాజరు యంత్రం ఆమె వేలిని గుర్తుపట్టలేదు. పది వేళ్లూ మార్చి మార్చి పెట్టింది. ఒక్కటీ ఆమెది కాదంది.

"అంట్ల సబ్బుకి అరిగిపోయుంటాయి మేడమ్. మా ఆవిడకీ ఇంతే," అని నవ్వాడు గార్డు.

వేళ్లు చూసుకుంది. నున్నగా, చల్లగా ఉన్నాయి. ఇంకా నేనెంత మిగిలాను?

ఉక్కుడబ్బాలోకి కాంతి వెళ్లే కిటికీ గాజు తుడవడమూ ఆమె వంతే. "ఆడచెయ్యి పడితేనే శుభ్రం," అంటాడు పెద్ద సైంటిస్టు. ఎగిసిన ప్లాస్మా దెబ్బ వచ్చిన దిక్కుకే తిరిగి దూకి, ఆ గాజుకే నల్లగా అంటుకుంటుంది. తుడవకపోతే కాంతికి దారి మూసుకుపోతుంది. ఆమె గుడ్డ పట్టుకుని వంగింది. బిళ్ల మీద లేనిదంతా అక్కడుంది! చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. చివరికి తుడిచింది, జీతమొచ్చే పని కదా మరి.

మర్నాడు ఇంట్లో కళ్లద్దాలు ముట్టుకోలేదు.

ఆయన పెట్టుకుని ఆమె వైపు తిరిగాడు. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది. గాల్లో చేత్తో తడిమాడు.

"ఏమిటిది, అంతా నలుపు! ఎక్కడున్నావు నువ్వు?"

ఆమె ఎదురుగానే నిలబడి ఉంది.

"ఇన్నేళ్లూ మీరు నానుంచి ఊడగొట్టిందంతా ఆ అద్దాల మీదే ఉందండీ. ఇక నేను తుడవను."

ఆయన చొక్కా అంచుతో రుద్దాడు. రుద్దుతూనే ఉన్నాడు. ఆ నలుపు రవ్వంతైనా కదల్లేదు. ఆమె బ్యాగు అందుకోబోతూ తన వేళ్ల వైపు చూసుకుంది. కొసల మీద సన్నసన్నటి గీతలు పొడుచుకొస్తున్నాయి.