ఒంటి తట్ట తూకం

నేను ఒక ఇత్తడి త్రాసును. ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరం ఊళ్ళో కొలిమిలోంచి బయటికొచ్చిన నాడు నా చేతిలో ఉన్న పెట్టుబడి ఏమిటో ముందు చెబుతాను: ఒక కాడ, దాని నడుమ ఒక ముల్లు, అటూ ఇటూ గొలుసులకు వేలాడే రెండు ఖాళీ తట్టలు. అంతే. వ్యాపారంలోకి దిగేవాడికి ఇంతకంటే తక్కువ పెట్టుబడి ఉండదు. ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదని తరవాత తెలిసింది.

నన్ను మొదట కొన్నది పాలకొల్లులో ఒక పచారీ కొట్టాయన. జీలకర్ర, మిరియాలు, ఇంగువ నా మీదుగానే ఊళ్ళోకి నడిచాయి. మనుషుల సంగతి అక్కడే నేర్చుకున్నాను. కొనేవాడు ముల్లు వంక చూస్తాడు. అమ్మేవాడు కొనేవాడి కళ్ళ వంక చూస్తాడు. నా వంక చూసేవాడు ఎవడూ లేడు. ఆయన పోయాక కొడుకులిద్దరూ కొట్టు పంచుకున్నారు. గోనె అడుగున మిగిలిన పసుపు దాకా నాతోనే తూచి చెరి సగం చేసుకున్నారు. ఆఖరికి నేను మిగిలాను. నన్ను నేను తూచుకోలేను, వాళ్ళు నన్ను విరిచి పంచుకోలేరు. అందుకని అమ్మేశారు. లోకానికంతా సరిగ్గా పంచి పెట్టినవాడికి దక్కే మర్యాద అది.

అలా నరసాపురం చేరాను, కొప్పినీడి రాఘవులుగారి లేసు కొట్టుకి. ఆయన చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకు దారం తూచి ఇస్తారు. వాళ్ళు ఇంటి అరుగుల మీద కూర్చుని దాన్ని లేసుగా అల్లి తెస్తారు. తెచ్చిన లేసూ, మిగిలిన దారమూ కలిపి మళ్ళీ నా మీద పెడతారు. వెళ్ళిన బరువు తిరిగి రావాలి. జీలకర్ర తూచిన రోజుల్లో నన్ను నమ్మనివాళ్ళే ఎక్కువ. ఇక్కడ నా మాటకు ఎదురు లేదు. ఈ బేరంలో నేను బాగుపడ్డాననే చెప్పాలి.

ఇలా ఉండగా స్వీడన్ దేశంలో మా సరుకు కొనే దుకాణం నుంచి ఎయిర్ మెయిల్ కవరు వచ్చింది. "మీరు పంపిన టేబుల్ గుడ్డల్లో ఏ రెండూ ఒక్క బరువు లేవు. దారం తగ్గించి మోసం చేశారని మా అనుమానం. సరుకు వెనక్కి పంపేస్తాం, ఇక నుంచి మిషను లేసు కొంటాం" అని అందులోని సారాంశం. ఆ ఒక్క దుకాణం మీదే రాఘవులుగారి కొట్టు సగం నడుస్తోంది. ఆ సరుకు వెనక్కొస్తే ఆయన దారం ఇవ్వడం ఆపేయాలి. నా సంగతి వేరే చెప్పాలా? మోసం చేశారంటే తూకం నాదే కదా.

కబురు విని పేరంటాలు వచ్చింది. తన వీధిలో ఆడవాళ్ళందరి లేసూ పోగుచేసి తెచ్చేది ఆవిడే. గుమ్మంలోనే అడిగింది.

"దారం ఆపేత్తారంట, నిజమేనాండి?"

"ఉత్తరం రాత్తన్నానుగా, ఉండు పేరంటాలూ" అన్నారు రాఘవులుగారు.

ఆయనకు ఇంగ్లీషు వచ్చు. కానీ బేరం వచ్చినంత రాదు. బేరంలో "ఇంకా, ఇంకా" అంటూ పోతే అవతలివాడు ఎక్కడో దిగుతాడు. ఆ అలవాటే కాగితం మీదా చూపించారు. మా పని మోర్ జస్టిఫైడ్. మా ధర మచ్ మోర్ జస్టిఫైడ్. మా కోపం ఆల్ ద మోర్ జస్టిఫైడ్. రాసింది వీధి చివర ఉండే దయామణి టీచరుగారిని కొట్టుకి పిలిచి చూపించారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివారు.

"ఎలా ఉందండీ టీచరుగారూ?"

"బరువుగా ఉంది తమ్ముడూ. మా న్యాయం ఎక్కువ, మరీ ఎక్కువ, ఇంకా ఎక్కువ. బాగానే ఉంది. దేనికంటే?"

"దేనికంటే ఏంటండీ? మనదే ఎక్కువ."

"అదే, దేనికంటే అని."

"అందరికంటేనండీ!"

కింద కూర్చున్న పేరంటాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా మరిది ఇలాగేనండి. నాకింకా పెద్ద ఉద్యోగం రావాలంటాడు. దేనికంటే పెద్దదిరా, ఉన్నదేదీ లేదు గదా అంటే అన్నం మానేత్తాడు."

రాఘవులుగారికి ఒళ్ళు మండింది. చేతికందిన దారపు కట్టను విసురుగా నా కుడి తట్టలో పడేశారు. తట్ట వెళ్ళి బల్లకు కొట్టుకుంది, ఠంగుమని.

"ఎంత తూగింది?" అన్నారు టీచరుగారు, నవ్వకుండా.

"రాయి వెయ్యకుండా ఎంతని చెప్తామండీ..." అంటూనే ఆగిపోయారాయన. నా ఖాళీ ఎడమ తట్ట గాలిలో ఊగుతోంది. దాని వంక చూశారు, కాగితం వంక చూశారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అంత తీరిగ్గా చూడడం అదే మొదలు.

"అంటే ముందు వాడి న్యాయం పెట్టమంటారు."

"పెట్టకపోతే నీది ఎక్కువని ఎలా తేలుతుంది?"

"పెడితే ఒప్పుకున్నట్టు అవదాండీ?"

"కొంత ఒప్పుకున్నట్టే. మోర్ అన్నావంటే అవతల ఎంతో కొంత ఉందని నువ్వే చెప్పావు. వాడి దగ్గర ఏమీ లేదనుకుంటే ఆ మాట తీసెయ్యి. మీ అనుమానానికి ఆధారం లేదని ఒక్క ముక్క రాసి ఊరుకో."

ఆయన గడ్డం గోక్కున్నారు. "ఉందండీ. తూకాలు తేడా ఉన్న మాట నిజమేగా."

అక్కడ నేను ఆయన్ని మెచ్చుకున్నాను. ఎదుటివాడికి కొంత వదలలేనివాడు బేరానికి పనికిరాడు.

అప్పుడు పని నా దగ్గరికొచ్చింది. పాత సరుకు స్వీడన్‌లో ఉంది కాబట్టి, అదే రకం పనని పేరంటాలు వీధి నుంచి కొత్తగా వచ్చిన గుడ్డలు ఒక్కొక్కటే నా మీద పెట్టారు. నిజంగానే ఏ రెండూ సరితూగలేదు.

"ఎలా తూగుతాయండి?" అంది పేరంటాలు. "పువ్వులు ఒకరు, అంచు ఒకరు, అతుకు ఇంకొకరు. ఒకరిది బిగువు చెయ్యి, ఒకరిది వదులు చెయ్యి. చేతులన్నీ ఒకేలా ఉంటే మమ్మల్నీ మిషన్లనే అందురు."

తరవాత గుడ్డలన్నీ కలిపి, మిగిలిన దారంతో సహా ఒక తట్టలో కుక్కారు. రెండో తట్టలో వీధికి ఇచ్చిన దారం బరువుకు సరిపడా రాళ్ళు. నా ముల్లు కాసేపు అటూ ఇటూ తిరిగి నిటారుగా నిలబడింది. ఒకరి దగ్గర మిగిలింది ఇంకొకరికి పట్టింది, అంతే తేడా. పోగు దారం ఎక్కడికీ పోలేదు.

"ఇదీ మన రాయి" అన్నారు టీచరుగారు. "ఇక ఆల్ ద మోర్, అంటే 'అందుకే మరింత' అన్న మాట సంగతి. అది మొదటి మాట కాదు తమ్ముడూ, రెండో మాట. ముందు ఒక కారణం ఉండాలి. తరవాత వచ్చేది దాన్ని పెంచాలి. వాడు సరుకు ఉంచుకోడానికి ముందే ఉన్న కారణం ఏంటి?"

రాఘవులుగారు ఒక గుడ్డ తిరగేశారు. అంచున చిన్న చీటీ. ఆ దుకాణంవాళ్ళే పంపి కుట్టించుకున్నది. చేతితో అల్లినది అని దాని మీద వాళ్ళ భాషలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఆయన ముఖంలో వెలుగు నేనెరుగుదును. మంచి బేరం దొరికినప్పుడు వచ్చే వెలుగు అది.

"టీచరుగారండీ, వాడి రాయే మన తట్టలోకొచ్చింది!"

పాత ఉత్తరం చింపేశారు. కొత్తది ఇద్దరూ కలిసి రాశారు. తూకాల్లో తేడా ఉందన్న మీ మాట నిజం. మిషను లేసు విషయంలో అయితే మీ అనుమానం న్యాయమే. చేతి లేసులో మాత్రం మీ అనుమానం కంటే మా జవాబుకే ఎక్కువ న్యాయం ఉంది, ఎందుకంటే ఇచ్చిన దారమూ వచ్చిన లేసూ సరితూగాయి. చేతి పని అనే మీరు కొన్నారు, ఆ చీటీతోనే అమ్ముతున్నారు. ఏ రెండూ ఒక్కలా లేకపోవడం ఆ చీటీకి సాక్ష్యం. కనుక ఈ తేడా సరుకు వెనక్కి పంపడానికి కారణం కాదు, ఉంచుకోవడానికి మరింత కారణం.

మోర్ ఒక్కసారి, ఆల్ ద మోర్ ఒక్కసారి. రెండిటికీ ఎదురు తట్టలో సరుకుంది.

జవాబు వచ్చేదాకా పేరంటాలు రోజూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వెళ్ళేది. కవరు వచ్చిన రోజున రాఘవులుగారు దాన్ని నిలబడే చదివారు. సరుకంతా ఉంచేసుకున్నారు! అంతటితో ఆగలేదు. ఇక మీదట ప్రతి గుడ్డకూ దాని బరువు దానికి వేరేగా చీటీ మీద రాసి పంపమన్నారు. ఏ రెండూ ఒకటి కావని చెప్పి అమ్ముతారట. కింద మునుపటి కంటే పెద్ద ఆర్డరు. మునుపటిది కళ్ళెదుటే ఉంది కాబట్టి ఈ 'కంటే'ను ఎవరూ ప్రశ్నించలేదు.

"ఓలమ్మో! మా చేతి బిగువు దొరల సీమలో చదూతారా!" అంది పేరంటాలు. "బాబుగారండి, మరి దారం తియ్యండి, అలా చూత్తారేంటి?"

ఆ ఏడంతా నాకు ఊపిరి సలపలేదు. నా ముల్లు పలికిన అంకెలు సముద్రాలు దాటి అద్దాల బీరువాల్లో వేలాడాయి.

ఇప్పుడు తూకం పని కరెంటు కాటాది. అది అంకె చెబుతుంది కానీ ఎదురు తట్ట చూపించదు, పాపం. నేను కొట్టు ముందుగదిలో బల్ల మీద ఉంటున్నాను. దయామణి టీచరుగారు సాయంత్రాలు అక్కడే పిల్లలకు ఇంగ్లీషు చెబుతారు. ఎవరైనా వాక్యంలో మోర్ అనగానే ఆవిడ నా ఎడమ తట్టను వేలితో తడతారు. పిల్లలు నాలిక కరుచుకుని, దేనికంటేనో వెతుక్కుంటారు.

ఇక ఆఖరి లెక్క. రెండు ఖాళీ తట్టలతో వచ్చాను, ఇవాళా రెండూ ఖాళీగానే ఉన్నాయి. మరి లాభమేదంటారా? పేరంటాలు వీధివాళ్ళు నా కోసమని ఒక లేసు గుడ్డ అల్లి తెచ్చి బల్ల మీద పరిచారు. దానికీ అంచున చీటీ ఉంది, బరువు దగ్గర మాత్రం ఖాళీ. ఎంత తూగుతుందో నేను చెప్పలేను. దాని మీదే కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను తూచకుండా పుచ్చుకున్న సరుకు అదొక్కటే.