ఎల్డన్ ఊపిరి

పొద్దున్నే నా భర్తను నేను అడిగే మొదటి మాట, "వెళ్ళావా?"

విరేచనానికని ప్రూన్ పళ్ళ రసం వేడిచేసి చేతికిస్తూ అడుగుతాను. ఎల్డన్ గోడకేసి చూస్తూ తల అడ్డంగా ఊపుతాడు. బొగ్గుగనిలో పైకప్పు కూలి అతని నడుము దెబ్బతిన్నప్పటి నుంచి మాకు ఇలాగే తెల్లవారుతోంది. నొప్పి మాత్రలు నడుముతో పాటు పేగుల్నీ మొద్దుబార్చాయి. తర్వాత పళ్ళు ఊడాయి. ఒళ్ళంతా దురద. పక్కమీద నా వైపు తిరగడం ఎప్పుడు మానేశాడో గుర్తులేదు. అదీ మాత్రల వల్లేనని క్లినిక్ నర్సు చెప్పేదాకా, నేను లావయ్యానేమోనని రాత్రి తిండి మానేసినదాన్ని. మాత్రలు భార్య దగ్గరే తాళంలో ఉండాలని క్లినిక్ షరతు. వాళ్ళు ఎప్పుడు ఫోన్ చేస్తే అప్పుడు సీసా పట్టుకెళ్ళి మాత్రల లెక్క చూపించాలి. బడి వంటగదిలో పిల్లలకు వడ్డిస్తున్నా సరే, ఏప్రన్ విప్పి పరుగెత్తాలి. "మళ్ళీనా వాండా? మీ ఆయన నడుమొచ్చి మా నెత్తిన పడిందే!" అంటుంది మా సూపర్‌వైజర్. మందుల షాపులో ఆవిడ నా మొహాన్నీ సీసానీ మార్చి మార్చి చూస్తుంది, నేనే అమ్ముకుంటున్నట్టు. మా కెంటకీ కొండల్లో ఎవరికైనా గుండె ఆపరేషనైతే చర్చి ఆడవాళ్ళు గిన్నెలకు గిన్నెలు వండి తెస్తారు. మా ఇంటికి ఒక్క గిన్నె రాలేదు. "ప్రార్థన చేస్తున్నాం" అంటారు, గొంతు తగ్గించి.

ఈ నెల డాక్టరు మోతాదు తగ్గించాడు. ఎల్డన్‌కు చెమటలు, వణుకు. "జైలరమ్మా, ఒక్కటి పడెయ్" అన్నాడు. ఇవ్వలేదు. ఏడ్చాడు. ఇవ్వలేదు. బాత్రూంలో కుళాయి తిప్పి నేనూ ఏడ్చాను.

ఆదివారం చర్చి నుంచి మా అత్త ఓపల్ చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె పట్టుకుని నేరుగా వచ్చింది. కొడుకు వణుకుతున్న చెయ్యి చూసి, చెంచా తనే అందుకుంది.

"మాత్రకు కూడా నీ ముందు చెయ్యి చాపాలా వీడు?"

"డాక్టరు చెప్పాడత్తయ్యా."

"బండ పడ్డప్పుడు ఉన్నాడా ఆ డాక్టరు? మీ మావయ్య రోజుల్లో గనిలో ఒకడు నడుం పట్టుకుంటే, పక్కవాడు అన్నం డబ్బాలోంచి మాత్ర తీసిచ్చేవాడు. షిఫ్టు పోకూడదు కదా. తాళాల్లేవు, కాపలాకు పెళ్ళాల్లేరు."

ఎల్డన్ నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో! ముచ్చటేసి నేనూ నవ్వాను. మా లోయలో అందరి మాటా అదే. పక్కింటికి చక్కెర అప్పిచ్చినట్టు మాత్రలు ఇచ్చుకుంటారు. ఇవ్వనివాళ్ళే రాతిగుండెవాళ్ళు.

గిన్నెలు కడుగుతుంటే ముందు గదిలోంచి గురక వినిపించింది. గురక కాదది. గొంతులో నీళ్ళు గుడగుడలాడుతున్న చప్పుడు. మధ్యలో ఆగింది. సబ్బు చేతులతోనే పరుగెత్తాను. పడక కుర్చీలో ఎల్డన్ మెడ వాలిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"పడుకోనీ అమ్మాయ్, నిద్రకూ నీ అనుమతేనా?" ఓపల్ టీవీలో కారు పందేల మీంచి చూపు తిప్పలేదు.

డ్రాయరులోంచి క్లినిక్ వాళ్ళిచ్చిన విరుగుడు స్ప్రే తీసి అతని ముక్కులో కొట్టాను. అంబులెన్సుకు ఫోన్ చేసి, నేలమీదికి లాగి, నోటితో ఊపిరి ఊదాను. చాన్నాళ్ళ తర్వాత అతని పెదాలు నాకు తగలడం ఇలాగా అనిపించింది. ఎట్టకేలకు ఛాతీ లేచింది. కళ్ళు తెరిచాడు.

"ఎందుకు లేపావే?" అంటూ నా ఒళ్ళో కక్కుకున్నాడు.

ఓపల్ నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నా తుంటి ఆపరేషనప్పటి మాత్రలు ఇచ్చానే. నెమ్మదిగా కరుగుతాయట, మంచివేగా అనుకున్నాను. నావని తెలిస్తే వాడి పేరు క్లినిక్ కొట్టేస్తుంది. నువ్వే పొరపాటున వాడి మాత్ర రెండోసారి ఇచ్చానని చెప్పు. పెళ్ళానివి, నిన్నెవరేం చేస్తారు?"

"చెప్పు వాండీ" అన్నాడు ఎల్డన్, వణుకుతూ.

నాకది కష్టమైన అబద్ధం కాదు. బడిలో నాకు కడుపునొప్పని చెప్పాను, చర్చిలో అతనికి జలుబని చెప్పాను. నా బిడ్డ కడుపులోనే పోతే కూడా "పనిలో బరువులెత్తింది" అని ఓపల్ నలుగురిలో అంటుంటే తలూపాను. ఈ ఇంట్లో ఏ తప్పైనా తగిలించడానికి నేనొక కొక్కేన్ని. పైగా ఆవిడ చెప్పింది నిజమే. క్లినిక్ వెళ్ళగొడితే అతను వీధిలో ఎవడి చేతిలోదో కొనుక్కుంటాడు. అదింకా తొందరగా చంపుతుంది.

అంబులెన్సులో వచ్చినావిడ మోకాళ్ళ మీద కూర్చుని అతని నాడి పట్టుకుంది. "ఏం మింగాడు? త్వరగా చెప్పండి. స్ప్రే బలం ఎంతోసేపు ఉండదు. మామూలు మాత్రైతే సరే. నెమ్మదిగా కరిగేదైతే దార్లోనే ఊపిరి మళ్ళీ ఆగుతుంది."

ఓపల్ నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. ఎల్డన్ కళ్ళు మూసుకున్నాడు. ఇద్దరూ నా అబద్ధం కోసమే ఎదురుచూస్తున్నారు. అతని ఛాతీ లేచింది, పడింది. మళ్ళీ లేవడానికి చాలాసేపు పట్టింది.

"వాళ్ళమ్మ మాత్రలు. నెమ్మదిగా కరిగేవి" అన్నాను.

"వాండా!" ఓపల్ కేక పెట్టింది.

స్ట్రెచర్ కదిలింది. "ఒక్కరికే చోటుంది. రండమ్మా" అంటూ అంబులెన్సావిడ నాకు చెయ్యి చాపింది. అలవాటుగా ఒక అడుగు వేశాను కూడా. ఆగిపోయాను.

"ఆవిడొస్తుంది."

"నేనా? అక్కడ ఏం చెప్పాలో నాకేం తెలుసు!"

"వాళ్ళు అడుగుతారత్తయ్యా. మీరే చెప్పండి."